కాగితపు విమానం ఎగిరేదెట్లా?

తెలుగువారు నిత్యం వాడే ‘కాగితం’ అనే మాట పారసీకంలోని ‘కాగజ్’ శబ్దానికి రూపాంతరం. ‘విమానం’ సంస్కృత పదం. ఉర్దూ చదివే మా విద్యార్థులు దానినే ‘హవాయీ జహాజ్’ అంటారు, అనగా గాలిలో నడిచే ఓడ అని అర్థం. ఈ రెండు మాటలనూ కలిపి ‘కాగితపు విమానం’ అనగానే చాలామందికి తరగతి గదిలో వెనుక వరుస నుండి ముందు వరుసకు వచ్చి పడే మడత కాగితం గుర్తుకు వస్తుంది. అధ్యాపకుల ఆగ్రహానికి అది చిరకాలంగా పాత్రమైనది. అయితే మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ మడత కాగితాన్ని గూర్చి కాదు.

అచ్చువేసిన అట్ట మీద గీతల వెంట కత్తిరించి, మడిచి, అంటించి, అసలు విమానాన్ని పోలిన బొమ్మను తయారు చేసే కళ ఒకటి ఉన్నది. పోలండు దేశంలో 1957లో ప్రారంభమైన ఒక పత్రిక ఇటువంటి కాగితపు నమూనాలనే పాఠకులకు అందిస్తూ వచ్చింది. ఆ బొమ్మలు చూచుటకు చక్కగా ఉంటాయి. రెక్కలు, తోక, కిటికీలు, చక్రాలు అన్నీ అమరి ఉంటాయి. కాని అవి ఎగరవు. బల్ల మీద, గాజు అలమారలో అలంకారంగా నిలుస్తాయి. అటువంటి బొమ్మను పెంచి, మార్చి, దానికి మోటారును, రేడియో నియంత్రణను అమర్చి, నిజముగా ఆకాశంలో ఎగిరేటట్లు చేయుట సాధ్యమా? సాధ్యమే. ప్రపంచంలో పలుచోట్ల ఔత్సాహికులు ఈ పని చేస్తున్నారు. దాని వెనుక ఉన్న సూత్రాలను మన విద్యార్థులకు అర్థమయ్యేటట్లు వివరించుటే మా ఉద్దేశం. సాహిత్యం బోధించే వారికి విమానాలతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. ఒక విషయాన్ని తెలిసిన మాటలలో తెలియజెప్పుట భాష చేయవలసిన పనులలో ఒకటని మా నమ్మకం.

తోక లేని పక్షి

ఎగరవలెనన్న కోరిక మానవునికి పురాతనమైనది. 9వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు కార్డోబా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే బహుముఖ ప్రజ్ఞాశాలి ఉండేవాడు. ఆయన ఈకలతో శరీరాన్ని కప్పుకొని, రెక్కలు కట్టుకొని, ఎత్తైన చోటు నుండి గాలిలో కొంత దూరం పయనించినాడని 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాసినాడు. దిగునప్పుడు మాత్రం ఆయన వీపుకు గాయమైనది. పక్షి దిగేటప్పుడు తోకను ఉపయోగిస్తుందనీ, ఇబ్న్ ఫిర్నాస్ తోకను అమర్చుకొనలేదనీ అందుకు కారణం చెప్పినారు. ఈ వృత్తాంతంలో చరిత్ర ఎంత, కథ ఎంత అన్న చర్చ పండితులకు విడిచినా, ‘తోక లేదు’ అన్న ఆ ఒక్క మాటలో విమానశాస్త్రపు మొదటి పాఠం ఉన్నది. రెక్క ఎత్తుతుంది, తోక నిలబెడుతుంది.

ఈ పాఠాన్ని బొమ్మ ద్వారా నిరూపించినవాడు ఫ్రాన్సు దేశపు అల్ఫాన్స్ పెనో. ఆయన 1871లో పారిస్ నగరపు ఉద్యానవనంలో మెలిపెట్టిన రబ్బరు పట్టీ శక్తితో నడిచే చిన్న విమానాన్ని ఎగురవేసినాడు. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు నిలకడగా పోయింది. రెక్కకు వెనుక, కొద్ది కోణంలో అమర్చిన చిన్న తోకయే ఆ నిలకడకు మూలం. పెనో రూపొందించిన మరొక ఆటవస్తువు రబ్బరు పట్టీతో పైకి లేచే గాలిమర. వెదురు, బెండు, కాగితంతో చేసిన అటువంటి బొమ్మను 1878లో అమెరికాలో ఒక తండ్రి తన కుమారులకు తెచ్చి ఇచ్చినాడు. ఆ పిల్లలే రైట్ సోదరులు. 1903లో వారు చేసిన పని లోకానికి తెలుసు. బొమ్మను బొమ్మగానే చూడని పిల్లల వల్ల చరిత్ర మారిన సందర్భం అది.

రేడియో ద్వారా యంత్రాన్ని దూరం నుండి నడుపవచ్చునని నికోలా టెస్లా 1898లోనే న్యూయార్కులో చిన్న పడవను నడిపి చూపినాడు. 1937లో అమెరికాలో గుడ్ సోదరులు ఒక నమూనా విమానాన్ని రేడియో సంకేతాలతో విజయవంతంగా ఎగురవేసినారు. మన దేశంలో డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరినప్పుడు, అక్కడ ప్రదర్శనకు నిలిపిన రెండు పాత విమానాలు తనను ఆకర్షించినాయని, ఆ కారణంగానే విమాన ఇంజనీరింగును ఎన్నుకొన్నానని తన ఆత్మకథలో చెప్పుకొన్నారు. ఎగరని విమానాలను చూచి ఎగిరే విద్యను ఎన్నుకొన్న ఆ విద్యార్థి, 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలకు సంచాలకులై, 2002లో రాష్ట్రపతి పదవిని అలంకరించినారు.

పెంచినంత మాత్రాన ఎగరదు

కాగితపు నమూనాను ఎగిరించవలెనంటే మొదట కలిగే ఆలోచన, దానిని పెద్దదిగా చేయుట. ఇక్కడనే గణితం అడ్డు వస్తుంది. రెక్కల కొస నుండి కొసకు 25 సెంటీమీటర్లు, బరువు 30 గ్రాములు ఉన్న ఒక అట్ట బొమ్మను తీసుకొందాం. దానిని 4 రెట్లు పెంచి 1 మీటరు రెక్కల విమానంగా చేయదలచినాం. పొడవు 4 రెట్లు పెరిగితే వైశాల్యం 4 యొక్క వర్గం, అనగా 16 రెట్లు పెరుగుతుంది. అదే అట్టను వాడితే బరువు కూడా 16 రెట్లు పెరిగి 480 గ్రాములవుతుంది. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని అంత పెద్ద రెక్క అంత పలుచని అట్టతో నిలువదు, ముంగురుల వలె వంగిపోతుంది. నిలుచుటకై అట్ట మందాన్ని కూడా 4 రెట్లు పెంచితే బరువు 4 యొక్క ఘనం, అనగా 64 రెట్లు పెరిగి 1920 గ్రాములకు చేరుతుంది. మోటారు, బ్యాటరీ ఇంకా లెక్కలోనికి రాలేదు.

చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయగలుగుటకు, ఏనుగు గంతులు వేయలేకపోవుటకు కారణం ఈ వర్గ ఘన సూత్రమే. పరిమాణం పెరిగేకొద్దీ బరువు, బలం కంటె వేగంగా పెరుగుతుంది. కనుక పెంచిన నమూనాకు కాగితాన్ని కాక మరొక పదార్థాన్ని వెదకవలెను.

ఆ పదార్థం మనందరికీ పరిచయమైనదే. పెట్టెలలో టీవీలు, మిక్సీలు పగలకుండా పెట్టే థర్మోకోల్, దానికి దగ్గర బంధువైన గట్టి నురుగు పలకలు. లెక్క చూడండి. మనం వ్రాసుకొనే మామూలు కాగితం చదరపు మీటరుకు 80 గ్రాములు తూగుతుంది. ఒక ఏ4 కాగితం చదరపు మీటరులో 16వ వంతు కనుక దాని బరువు 5 గ్రాములు. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే అట్ట మందం సుమారు పావు మిల్లీమీటరు. అదే 200 గ్రాములకు ఘనపు మీటరుకు 40 కిలోలు తూగే గట్టి నురుగు పలక 5 మిల్లీమీటర్ల మందం వస్తుంది. అనగా అదే బరువుకు 20 రెట్ల మందం. వంగుటను ఎదిరించే గుణం మందం యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 20 యొక్క ఘనం 8000. నురుగు కాగితం కంటె కొన్ని వందల రెట్లు మెత్తనిదైనా, ఈ 8000 రెట్ల లాభంలో ఆ నష్టం పోగా ఇంకా చాలా మిగులుతుంది.

ఇక ఆ నురుగు పలకకు రెండువైపులా పలుచని కాగితం అంటిస్తే దాని బలం మరింత పెరుగుతుంది. పలకను వంచినప్పుడు పై పొర సాగుటకు, కింది పొర నలుగుటకు ప్రయత్నిస్తాయి. కాగితం సాగుటను బాగా ఎదిరిస్తుంది. మధ్యనున్న నురుగు ఆ రెండు పొరలనూ ఒకదానికొకటి దూరంగా పట్టి ఉంచుతుంది. పెద్ద విమానాలలోనూ ఇదే పద్ధతిలో తేలికైన మధ్యపొరకు ఇరువైపులా గట్టి పొరలను అంటించి పలకలను చేస్తారు. ఈ విధంగా కాగితం తన స్థానాన్ని పూర్తిగా కోల్పోదు. బరువు మోసే పని నుండి చర్మంగా ఉండే పనికి మారుతుంది. బొమ్మ మీద అచ్చయిన రంగులు, గుర్తులు కూడా ఆ చర్మం మీద యథాతథంగా నిలుస్తాయి.

గీత నుండి ఆకృతికి

విధానాన్ని క్రమంగా చెప్పెదము. నమూనా గీతలను 4 రెట్లు పెంచి ముద్రిస్తే ప్రతి ఏ4 కాగితం 16 కాగితాలవుతుంది. వాటిని వరుసగా అతికి పెద్ద పటంగా చేసుకొనవలెను. కాగితపు నమూనాలో అంటించుటకై అంచుల వెంట విడిచే చెవులు ఇప్పుడు అనవసరం. వాటిని కత్తిరించి వేయవలెను. పటాన్ని నురుగు పలకకు అంటించి, పదునైన పలుచని కత్తితో గీతల వెంట కోయవలెను. మొద్దు కత్తి నురుగును కోయదు, చింపుతుంది.

కాగితంలో మడత ఉన్న చోట, పలకకు లోపలివైపు కోణాకారపు గాడి తీసి, వెలుపలి కాగితపు పొరను మాత్రం తెగకుండా ఉంచవలెను. అదే కీలు వలె పనిచేస్తుంది. గాడిలో జిగురు పూసి మడిస్తే గట్టి అంచు ఏర్పడుతుంది. గుండ్రని భాగాలకు లోపలివైపు దగ్గర దగ్గరగా నిలువు గాట్లు పెట్టి మెల్లగా వంచవలెను.

చదునైన రేకు నుండి వంపు తిరిగిన ఆకారాన్ని రాబట్టే ఈ విద్య మన బెంజ్ సర్కిల్ పరిసరాల వారికి కొత్త కాదు. కొద్ది దూరంలోని ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే పనివారు ఇనుప రేకు మీద సుద్దతో గీచి, కోసి, వంచి, క్యాబిన్ ఆకృతిని తీసుకువస్తారు. క్షేత్రగణితపు పుస్తకంలో మన విద్యార్థులు చదివే శంకువు, స్తూపం యొక్క విప్పిన పటాలను వారు చేతితో ఆచరిస్తారు. మరొకవైపు కొండపల్లి కళాకారులు తేలికైన తెల్లపొణికి చెక్కను చెక్కి బొమ్మలు చేసి, అతుకులను రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో పూడ్చుతారు. తేలిక చెక్క, అతుకు, నునుపు, ఈ మూడే నమూనా విమాన నిర్మాణానికీ ఆధారం. మన ఊరి చుట్టూ ఉన్న ఈ చేతిపనులలో విమాన నిర్మాణానికి కావలసిన మెళకువలలో సగం ఇదివరకే ఉన్నాయి.

జిగురు విషయంలో జాగ్రత్త అవసరం. చెప్పుల దుకాణాలలో వాడే ఘాటైన జిగురులు, క్షణంలో అతికే జిగురులు, డబ్బాతో చిమ్మే రంగులు థర్మోకోల్‌ను కరగించి వేస్తాయి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు క్షేమకరం. ఆరుటకు సమయం పట్టినా పలకకు హాని చేయదు. రెక్క మధ్యలో ఒక కొస నుండి మరొక కొస వరకు వెదురు బద్దను గాని, కార్బన్ కడ్డీని గాని నిలుపవలెను. గాలిపటానికి వెదురు బద్ద ఏ పని చేస్తుందో ఇక్కడా అదే పని చేస్తుంది.

రెక్కలోని రహస్యం

అలంకార నమూనాలో రెక్క తరచుగా చదునైన అట్ట. చదునైన రెక్క కూడా ఎగురుతుంది గాని, కోణం కొంచెం హెచ్చితే అకస్మాత్తుగా పట్టు తప్పుతుంది. అందువల్ల పైభాగం వంపుగా, కిందిభాగం చదునుగా ఉండేటట్లు మార్చుట మేలు. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే, ముందు అంచు నుండి సుమారు మూడవ వంతు దూరంలో 2 సెంటీమీటర్ల మందం ఉండవచ్చు.

రెక్క ఎందుకు ఎత్తుతుంది? పై నుండి పోయే గాలి, కింద నుండి పోయే గాలి వెనుక అంచును ఒకేసారి చేరవలెను గనుక పై గాలి వేగంగా పోతుందని కొన్ని పుస్తకాలలో కనిపించే వివరణ సరియైనది కాదు. ఆ రెండూ ఒకేసారి చేరవలెనన్న నియమం ఏదీ లేదు. వాస్తవంలో పై గాలియే ముందుగా చేరుతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది. గాలిని కిందికి తోసినందుకు ప్రతిచర్యగా రెక్క పైకి తోయబడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలిసినదే. పైభాగంలో పీడనం తగ్గుట, కిందిభాగంలో హెచ్చుట అదే సంఘటనకు మరొక ముఖం. రెక్క కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే గాలి పై ఉపరితలాన్ని అంటిపెట్టుకొనలేక విడిపోతుంది. ఎత్తే బలం పడిపోయి విమానం కూలుతుంది.

విమానం బరువును రెక్క వైశాల్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య దాని స్వభావాన్ని తెలుపుతుంది. 1 మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్క వైశాల్యం 20 చదరపు డెసిమీటర్లు. బరువు 500 గ్రాములయితే ఒక్కొక్క చదరపు డెసిమీటరు 25 గ్రాములు మోస్తుంది. ఇటువంటి విమానం గంటకు 23 కిలోమీటర్ల వేగం వరకు నెమ్మదించినా గాలిలో నిలుస్తుంది. అనగా ఒక సైకిలు వేగం. బరువు రెట్టింపయితే ఆ కనిష్ఠ వేగం 33 కిలోమీటర్లకు పెరుగుతుంది. నేర్చుకొనేవారికి ఈ తేడా చాలా పెద్దది. మన బెజవాడ ఎండలనూ లెక్కలోనికి తీసుకొనవలెను. 40 డిగ్రీల వేడిలో గాలి సాంద్రత, 15 డిగ్రీల నాటి కంటె సుమారు 8 శాతం తక్కువ. వేసవి మధ్యాహ్నం విమానం బద్ధకంగా లేచుటకు ఇదొక కారణం.

తూకం

అలంకార బొమ్మకు తూకంతో పని లేదు. ఎగిరే విమానానికి తూకమే ప్రాణం. మామూలు తిన్నని రెక్కకు గురుత్వ కేంద్రం ముందు అంచు నుండి వెడల్పులో 25 నుండి 30 శాతం దూరంలో ఉండవలెను. 20 సెంటీమీటర్ల రెక్కకు అది 5 నుండి 6 సెంటీమీటర్లు. రెండు చూపుడు వేళ్లను రెక్క కింద ఆ చోట ఆనించి ఎత్తితే, విమానం ముక్కు రవ్వంత కిందికి వాలి నిలువవలెను. ముక్కు బరువెక్కిన విమానం బద్ధకంగా ఎగురుతుంది. తోక బరువెక్కిన విమానం ఒక్కసారి మాత్రమే ఎగురుతుందని నమూనాకారులు హాస్యంగా అంటారు. బ్యాటరీని ముందుకు వెనుకకు జరిపి తూకం సరిచేయుట అత్యంత సులభమైన పద్ధతి. అందుకే దాని గూటిని కొంచెం పొడవుగా విడువవలెను.

అసలు విమానాన్ని పోలిన నమూనాలలో తోక కొలతకు తగినంత చిన్నదిగా ఉంటుంది. చిన్న విమానాన్ని గాలి తెర ఎక్కువగా కుదుపుతుంది కనుక తోక వైశాల్యాన్ని 15 నుండి 20 శాతం పెంచుట మంచిది. రెక్కల కొసలను కొన్ని డిగ్రీలు పైకెత్తితే, ఒకవైపు ఒరిగిన విమానం తనంతట తాను సర్దుకొంటుంది. చూపరులు ఈ మార్పులను గమనించరు గాని గాలి గమనిస్తుంది.

శక్తి, సంకేతం

ఇప్పుడు యంత్రభాగాల వంతు. ప్రొపెల్లరును తిప్పే బ్రష్‌లు లేని విద్యుత్ మోటారు, దాని వేగాన్ని నియంత్రించే సాధనం, లిథియం పాలిమర్ బ్యాటరీ, రేడియో సంకేతాన్ని అందుకొనే రిసీవరు, తోకను కదిపే సర్వోలు, ఇవి ముఖ్యమైనవి. 500 గ్రాముల విమానానికి బరువుల పంపకం స్థూలంగా ఇట్లా ఉండవచ్చు. మోటారు 50 గ్రాములు, నియంత్రకం 25, బ్యాటరీ 90, మూడు సర్వోలు 27, రిసీవరు 10, ప్రొపెల్లరు, తీగలు 20. మొత్తం 222 గ్రాములు. మిగిలిన 278 గ్రాములలో శరీరం ముగియవలెను. రెక్క పై, కింది పలకలు 80 గ్రాములు, దేహం, తోక 60, జిగురు, వెదురు, కాగితం మరొక 60. కొంత మిగులుతుంది. తూచకుండా అంటించేవారి చేతిలో ఆ మిగులు జిగురులోనే కరగిపోతుంది.

కిలో బరువుకు 200 వాట్లు అన్నది సాధారణ లెక్క. మన విమానానికి 100 వాట్లు చాలు. మూడు గదుల బ్యాటరీ 11.1 వోల్టులిస్తుంది. 100ను 11.1తో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. బ్యాటరీ సామర్థ్యం 1000 మిల్లీ ఆంపియర్ గంటలయితే పూర్తి శక్తితో 6 నిమిషాలకు పైగా నడుస్తుంది. సగం శక్తితో నడిపితే అంతకంటె చాలాసేపు వస్తుంది. కాని బ్యాటరీని అడుగంటా వాడరాదు, 5వ వంతు మిగిల్చి దిగవలెను. ఒక్కొక్క గది 4.2 వోల్టులకు మించి నిండరాదు, 3 వోల్టుల కంటె కిందికి పోరాదు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. ఛార్జి అవుతున్న బ్యాటరీని ఒంటరిగా విడిచి పోరాదు. ఇవి అగ్నితో చెలగాటాలు.

సర్వో అనేది అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె. దానికి సెకనుకు సుమారు 50 సార్లు విద్యుత్ స్పందనలు అందుతాయి. స్పందన నిడివి 1.5 మిల్లీ సెకన్లయితే దాని చేయి మధ్యలో నిలుస్తుంది. 1 మిల్లీ సెకను అయితే ఒకవైపుకు, 2 అయితే మరొకవైపుకు తిరుగుతుంది. నేల మీద మన బొటనవేలు కదిలిన కొలతయే ఈ విధంగా ఆకాశంలో తోక కదలిక అవుతుంది. పూర్వపు రేడియోలలో ఇద్దరు ఒకే తరంగ సంఖ్యను వాడితే విమానాలు కూలేవి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సాధనాలు ప్రతి రిసీవరును తన ట్రాన్స్‌మిటర్‌తోనే ముడివేసి, సంకేతాన్ని పలు తరంగాల మీద పంచుతాయి గనుక ఆ చిక్కు చాలావరకు తొలగిపోయింది. సంకేతం తెగిపోతే మోటారు ఆగిపోయేటట్లు ముందుగానే అమర్చి, ప్రొపెల్లరును తీసివేసి పరీక్షించుట తప్పనిసరి.

తొలిసారి ఎగురవేయునప్పుడు

మొదటి పరీక్ష మోటారు లేకుండానే జరుగవలెను. ఎత్తైన గడ్డి ఉన్న చోట గాలికి ఎదురుగా, నేలకు సమాంతరంగా విమానాన్ని మెల్లగా విసరవలెను. తిన్నగా జారి దిగితే తూకం సరిపోయినట్లు. ముక్కు పైకెత్తి ఆగి పడిపోతే తోక బరువు. రాయివలె వాలిపోతే ముక్కు బరువు. దీనిని సరిచేసిన తరువాతనే మోటారు. మోటారు ఇరుసును 2 లేక 3 డిగ్రీలు కిందికి, కుడివైపుకు వాల్చితే ప్రొపెల్లరు భ్రమణం వల్ల కలిగే ఎడమ ఒరుగుడు తగ్గుతుంది.

కృష్ణా డెల్టాలో వరి కోతలైన తరువాత విశాలమైన పొలాలు ఖాళీగా ఉంటాయి. రైతు అనుమతితో, తెల్లవారిన వెంటనే, సముద్రపు గాలి లేవకముందు ఎగురవేయుట ఉత్తమం. విద్యుత్ తీగలు, రొయ్యల చెరువులు, రహదారులు దూరంగా ఉండవలెను. చెన్నై, కలకత్తా రహదారి, పూనా, మచిలీపట్నం రహదారి కలిసే బెంజ్ సర్కిల్ వంటి చోట, జనం, వాహనాలు కిక్కిరిసిన చోట, కళాశాల డాబా మీద ఈ పని ఎన్నడూ చేయరాదు. అర కిలో విమానం వేగంగా వచ్చి ద్విచక్ర వాహనం నడిపేవానికి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం కూడా తెలియవలెను. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించినాయి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయ సరిహద్దు నుండి 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులే. పసుపు మండలంలో విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి, ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెను. మనకు ఈశాన్యంగా గన్నవరం విమానాశ్రయం ఉన్నది. కనుక ఎగురవేయదలచిన చోటు ఏ మండలంలో ఉన్నదో ప్రభుత్వ గగనతల పటంలో చూచుకొని, నమోదు మొదలైన నాటి నిబంధనలను తెలుసుకొని, కంటికి కనిపించే దూరంలోనే నడుపవలెను.

మన కళాశాలకు దీనితో ఏమి పని?

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మొదలైన ప్రాంతాలు నీట మునిగినాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ప్రవహించింది. పడవలు పోలేని సందులలో మిద్దెల మీద నిలిచిన కుటుంబాలకు డ్రోన్లు అన్నం పొట్లాలు, నీళ్లు, మందులు చేరవేసినాయి. ఆ మునిగిన వీధులలో బీదలు, మన సమాజానికి చెందిన కుటుంబాలు అనేకం ఉన్నాయి. మరుసటి నెలలో, అక్టోబరు 22న, కృష్ణా తీరాన పున్నమి ఘాట్ వద్ద 5,500 డ్రోన్లు ఒకేసారి ఆకాశంలో దీపాల బొమ్మలు గీచినాయి. మొదటిది అవసరం, రెండవది వేడుక. రెండింటినీ మన విద్యార్థులు తల పైకెత్తి చూచినారు.

చూచుట ఒకటి, చేయుట మరొకటి. ఆ యంత్రాలను తయారు చేసేవారు, నడిపేవారు, చెడితే బాగుచేసేవారు ఎక్కడి నుండి వస్తారు? పెద్ద రుసుములు తీసుకొనే ఇంజనీరింగు కళాశాలల నుండి మాత్రమే రావలెనా? మన తరగతులలో ఆటోనగర్ పనివారి పిల్లలు, దర్జీల పిల్లలు, చిన్న దుకాణదారుల పిల్లలు చదువుతున్నారు. చేతిపని వారికి ఇంటి నుండే అబ్బినది. కత్తెర పట్టే చేయి, కొలిచే కన్ను వారికి ఉన్నాయి. దర్జీ కుమార్తెకు చదునైన గుడ్డ నుండి భుజపు వంపును రాబట్టుట తెలుసు. కాగితపు విమానపు దేహాన్ని విప్పిన పటం ఆమెకు మనకంటె త్వరగా అర్థమవుతుంది. అయినా ప్రయోగశాల గడప దగ్గర ఈ పిల్లలు వెనుకాడుతున్నారు. భౌతికశాస్త్రం బట్టీ పట్టి పరీక్షలో వ్రాసే వస్తువని వారికి ఎట్లో అభిప్రాయం ఏర్పడింది. తాము చేసిన వస్తువు తమ లెక్క ప్రకారం గాలిలో నిలిచిన రోజున ఆ అభిప్రాయం నిలువదు.

కళాశాల పాలకవర్గానికి మా మనవి స్వల్పమైనది. మొదటి సంవత్సరంలో యంత్రాలు అవసరం లేదు. అట్ట, కత్తి, జిగురు, తూచుటకు చిన్న తక్కెడ చాలు. కాగితపు నమూనాలు చేయుట, వాటిని పెంచి మోటారు లేకుండా జారవిడుచుట ఆ సంవత్సరపు పని. రెండవ సంవత్సరంలో ఒక ట్రాన్స్‌మిటరు, ఒక ఛార్జరు కొంటే అనేక విమానాలకు అవే ఉపయోగపడతాయి, ఎందుకంటే ఒకే ట్రాన్స్‌మిటరు పలు నమూనాల అమరికలను జ్ఞాపకం ఉంచుకొంటుంది. నడుపుట నేర్చుకొనుటకు కంప్యూటరు గదిలో అభ్యాసం చేయవచ్చు. అక్కడ కూలిన విమానానికి ఖర్చు లేదు. ఎన్.సి.సి. వైమానిక విభాగపు వార్షిక వాయు సైనిక శిబిరంలో నమూనా విమానాల పోటీలు జరుగుతాయి. అటువంటి విభాగం ఉన్న కళాశాలలతో స్నేహం చేయుట కూడా ఆలోచించదగినది. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఖర్చుల లెక్క వ్రాయవచ్చు. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు తయారీ విధానాన్ని రెండు భాషలలో వ్రాసి, తమ తరువాత వచ్చేవారికి అందించవచ్చు. ఆ పుస్తకం లేకపోతే ప్రతి బృందమూ మొదటి నుండి మొదలుపెట్టవలసి వస్తుంది.

విద్యార్థులారా! మీ విమానం తొలిసారి పడిపోతుంది. ముక్కు విరుగుతుంది. దానిని అతికి, తూచి, కారణం వెదకి, మళ్లీ విసరండి. ఏ తేదీన, ఎంత బరువుతో, ఏ గాలిలో, ఎట్లా పడిపోయిందో ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచండి. అల్ మక్కరీ వ్రాసి ఉంచుట వల్లనే ఇబ్న్ ఫిర్నాస్ తోక సంగతి ఇన్ని శతాబ్దాల తరువాత కూడా మనం చదువుకొంటున్నాం.